అత్త పెళ్ళి మీద దెయ్యాల సినిమా

సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు ఊరికే కూర్చోలేక ఇల్లు సర్దే పని పెట్టుకున్నాడు. కనుమ నాడు మధ్యాహ్నం నేను నిద్రలేచి వచ్చేసరికి వరండాలో రెండు గోతాలున్నాయి. ఒకదాంట్లో పాత పేపర్లు. రెండోదాంట్లో నా వీడియో క్యాసెట్లు, వాటి మీద వీసీడీలు. "మామా, ఇవన్నీ పాత సామాన్లాయనకి వేసేస్తా. నీ దెయ్యాల సినిమాలన్నీ ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతున్నాయి. అదీ శుభ్రమైన ప్రింట్లు" అన్నాడు.

గోతం వెనక్కి లాక్కున్నాను. ఎందుకని వాడు అడిగితే మాత్రం సరిగ్గా చెప్పలేకపోయాను. "అభిమానం" అన్నాను. వాడు నవ్వాడు. "అభిమానం సినిమా మీదా, ప్లాస్టిక్ డబ్బా మీదా?" అన్నాడు. మంచి ప్రశ్నే. నెల రోజులుగా సాయంత్రాలు ఒక్కో క్యాసెట్టూ తుడుచుకుంటూ, ఆడినవాటిని మళ్ళీ చూసుకుంటూ ఆ ప్రశ్న గురించే ఆలోచిస్తున్నాను. డబ్బా మీదే అని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

మా ఇల్లు నెల్లూరు దగ్గర కోవూరులో. క్యాసెట్లు అరవై చిల్లర. చాలావరకు మా చిన్నాయన కూడబెట్టినవి, ఆయన ఇల్లు మారినప్పుడు నాకొచ్చాయి. ఎక్కువ దెయ్యాలే. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది చూడండి, ఆ రోజుల్లో మా ఇంట్లోకీ మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. బీరువా అడుగు అరలో ఉన్న ఇరవై క్యాసెట్లు బురదనీళ్ళలో నానాయి. పై అరల్లో ఉన్నవి నానలేదు గానీ ఆ చెమ్మకి బూజు పట్టాయి. టేపు చుట్ట అంచున తెల్లటి పిండి చల్లినట్టుంటుంది. అలాగే డెక్కులో, అంటే క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌లో పెడితే ఆ బూజు టేపుని చదివే హెడ్డుకి అంటుకుని, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్టుకీ పాకుతుంది. కాబట్టి ముక్కుకి గుడ్డ కట్టుకుని, అయిదు స్క్రూలూ విప్పి, చుట్టలు బయటికి తీసి, స్పిరిట్‌తో తుడిచి, నీడన ఆరబెట్టి, వేరే క్యాసెట్టు డొల్లలో బిగించాలి. ఒక్కోదానికి ఒక సాయంత్రం పడుతుంది.

డెక్కు సంగతి సరేసరి. వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016లోనే ఆపేసింది. నా డెక్కుకి రబ్బరు బెల్టు తెగితే నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక ముసలాయన ఏదో కుట్టుమిషన్ బెల్టు కత్తిరించి అతికించి ఇచ్చాడు. అది ఎన్నాళ్ళుంటుందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

వాడు చెప్పిన దాంట్లో నిజం

మేనల్లుడి వాదన ముందు చెప్పాలి. అది నా వాదనకంటే గట్టిదని కొన్ని రోజులు నాకే అనిపించింది.

జార్జ్ రొమేరో 1968లో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' నా దగ్గర క్యాసెట్టులో ఉంది. కాపీకి కాపీకి కాపీ. నలుపు తెలుపు సినిమానే, కానీ మా దాంట్లో నలుపూ లేదు, తెలుపూ లేదు, అంతా బూడిద. మొహాలు పిండిముద్దల్లా ఉంటాయి. చిన్నప్పటి నుంచి పదిసార్లు చూసి ఉంటాను. నాకది శవాలు లేచి ఒక ఇంటిని చుట్టుముట్టే కథ, అంతే. పండగయ్యాక మేనల్లుడు తన ల్యాప్‌టాప్‌లో శుభ్రం చేసిన ప్రింటు పెట్టి చూపించాడు. అయిదు నిమిషాలకే ఆపమన్నాను. ఆ హీరో నల్లజాతి మనిషి. డ్వేన్ జోన్స్. నా బూడిద కాపీలో అది నాకెప్పుడూ తెలియలేదు! రాత్రంతా శవాలతో పోరాడి బతికిన మనిషిని తెల్లారాక తుపాకులు పట్టుకొచ్చిన తెల్లవాళ్ళ గుంపు కిటికీలోంచి చూసి, శవమనుకుని కాల్చేస్తుంది. తర్వాత కొక్కేలతో ఈడ్చి మంటలో వేస్తారు. చిన్నప్పుడు ఆ ముగింపు చూసి 'అయ్యో, దురదృష్టం' అనుకున్నాను. 1968లో అమెరికాలో ఆ ముగింపు చూసినవాళ్ళకి అది దురదృష్టంగా కనిపించి ఉండదు.

ముప్పై ఏళ్ళు నేను ఆ సినిమా చూశాననుకున్నాను. చూడలేదు. చెడ్డ కాపీ సినిమా అందాన్ని తగ్గిస్తుందని తెలుసు గానీ అర్థాన్నే తినేస్తుందని తెలియదు. "చూశావా మామా" అన్నాడు వాడు. ఒప్పుకున్నాను.

అయితే మాకు అంత చెడ్డ కాపీ ఎందుకు దొరికిందని వెతికితే ఇంకో సంగతి తెలిసింది. ఆ సినిమాకి మొదట వేరే పేరుండేది. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు కాపీరైటు హక్కు తెలిపే ముక్క కొత్త టైటిల్లో వెయ్యడం మరిచిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం అది లేకపోతే హక్కు లేనట్టే. దాంతో ఎవరు పడితే వాళ్ళు కాపీలు వేసుకున్నారు. తీసినవాళ్ళకి రావాల్సిన డబ్బు రాలేదు. సినిమా మాత్రం కోవూరు దాకా వచ్చింది.

1922 నాటి జర్మన్ సినిమా 'నోస్ఫెరాటు' కథ ఇంకా చిత్రం. డ్రాకులా నవలని అనుమతి లేకుండా తీశారని రచయిత భార్య కోర్టుకెక్కింది. ఉన్న కాపీలన్నీ తగలబెట్టమని 1925లో తీర్పొచ్చింది. కానీ అప్పటికే కొన్ని ప్రింట్లు దేశాలు దాటిపోయాయి. ఇవాళ మనం చూసేది వాటి పుణ్యమే. మన దగ్గర చూస్తే, దేశంలో మొదటి టాకీ 'ఆలం ఆరా' 1931లో వచ్చింది. పూణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. మధ్యలో ముప్పై మూడేళ్ళు. ఆ సినిమాది ఒక్క ప్రింటు కూడా ఇప్పుడు లేదు. ఎవరింట్లోనైనా ఒక పాడు కాపీ, సగం చిరిగిన కాపీ పడి ఉన్నా ఎంత బావుండేదో.

ఇది మేనల్లుడికి చెప్తే, "నీ దగ్గరున్న వాటిలో అలాంటిది ఒక్కటైనా ఉందా? అన్నీ నెట్లో దొరికేవే గదా" అన్నాడు. ఉన్నమాటే. నా బీరువాలో లోకానికి దక్కకుండా పోయిన సినిమా ఒక్కటీ లేదు. కాబట్టి 'సినిమాని కాపాడుతున్నాను' అని నేను గొప్పలు పోకూడదు. నేను చెప్పదలిచింది వేరే.

టేపు గుర్తుపెట్టుకున్న సీన్లు

విఠలాచార్య 'జగన్మోహిని' (1978) మా ఇంట్లో ఎన్నిసార్లు ఆడిందో లెక్కలేదు. దాంట్లో దెయ్యం వంట చేస్తూ కట్టెలకు బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టే సీను అందరికీ తెలుసు. మొన్న ఆ క్యాసెట్టు వేస్తే అంతా ఫరవాలేదు, సరిగ్గా ఆ పొయ్యి దగ్గరికొచ్చేసరికి తెర నిండా తెల్లచారలు, అడ్డంగా కోతలు. బూజేమో అని ఆపి చూశాను. బూజు కాదు. అరుగుదల. వెనక్కి తిప్పి, ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ వెనక్కి తిప్పి మేమే అక్కడ టేపు అరగదీశాం. ఆ సీను దాటగానే బొమ్మ మళ్ళీ బాగుంటుంది. జయమాలిని ఇంకోసారి కాళ్ళు కాల్చుకోవాలని పట్టుబట్టిన పిల్లల లెక్క ఆ చారల్లో ఉంది. ఏ శుభ్రమైన ప్రింటులోనూ అది ఉండదు.

(ఆ సీను వచ్చినప్పుడల్లా మా అవ్వ ఒకే మాట అనేది: "కట్టెల ఖర్చు లేని కోడలు." నాకు ఆ సినిమాలో భయపడిన జ్ఞాపకం ఒక్కటీ లేకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. అసలు విఠలాచార్య భయపెట్టాలనుకున్నాడా అని కూడా ఇప్పుడు అనుమానం. గారడీవాడు టోపీలోంచి కుందేలుని తీసినట్టు తీశాడాయన దెయ్యాల్ని. వాటిని హారర్ లెక్కలో వేసి, భయం పుట్టలేదని నవ్వేవాళ్ళది తప్పు.)

వీసీడీలదీ ఇదే తంతు. రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' (1992) నా దగ్గర రెండు డిస్కుల్లో ఉంది. ఒక డిస్కులో డెబ్బై ఎనభై నిమిషాలకు మించి పట్టదు కాబట్టి సినిమా మధ్యలో ఎక్కడో టక్కున ఆగుతుంది. సినిమా మంచి భయంలో ఉన్నప్పుడు, గదిలో లైట్లార్పి ఉన్నప్పుడు, తెర నీలంగా మారి అలా నిలబడిపోతుంది. ఎవరో ఒకరు లేచి చీకట్లో టీవీ దాకా నడిచి డిస్కు మార్చాలి. ఎవరూ లేచేవాళ్ళు కాదు. ఆ నీలి తెర ముందు నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్న రెండు నిమిషాలంత భయం ఆ సినిమాలో కూడా లేదు. అందులో పిల్లికూన సంగతి మొన్న మళ్ళీ చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరించింది గానీ, డిస్కు ఆగినప్పుడు మాత్రం నవ్వొచ్చింది. లేచి మార్చడానికి నేనొక్కణ్ణే ఉన్నాను మరి.

ఇదంతా వినగానే 'పాతరోజుల బెంగ' అనేస్తారని తెలుసు. నాకూ ఆ అనుమానం ఉంది. నలభై దాటిన ప్రతివాడికీ తన చిన్నప్పటి చెత్త బంగారంలా కనిపిస్తుంది. కానీ బెంగ నా బుర్రలో ఉంటుంది, టేపు మీది అరుగుదల అక్కడ ఉండదు. చారలు నేను ఊహించుకున్నవి కావు. స్క్రూ విప్పి చూపించగలను.

ఎల్లో లేబుల్ క్యాసెట్టు

ఇక అసలు క్యాసెట్టు దగ్గరికొస్తాను. పసుపు లేబుల్. మీద 'చి.ల.సౌ.' అని ఎర్ర స్కెచ్చుతో రాసి, అది కొట్టేసి, కింద నీలి బాల్ పెన్నుతో 'ఈవిల్ డెడ్ 1, 2' అని చిన్నాయన రాత.

మా మేనత్త పెళ్ళి 1988లో. మా వీధిలో వీడియో తీయించిన మొదటి పెళ్ళి. మూడు గంటల టేపు. రెండేళ్ళ తర్వాత చిన్నాయన మద్రాసు బర్మా బజారులో దొరికే దొంగ క్యాసెట్లు ఎవరి దగ్గరో ఎరువు తెచ్చి, ఇంకో డెక్కు అద్దెకు పెట్టి, ఒక రాత్రిలో రెండు సినిమాలూ దాని మీదికి ఎక్కించాడు. పెళ్ళి పోయింది. పొద్దున అత్త ఏడ్చిన ఏడుపు నాకు బాగా గుర్తు. "పొరపాటైందమ్మా, ఖాళీ క్యాసెట్టనుకున్నా" అన్నాడు చిన్నాయన. ముప్పై అయిదేళ్ళుగా అదే మాట. అత్త నమ్మిందో లేదో గానీ అవ్వ మాత్రం "పిలగాడు, పొరపాటు పడ్డాడు, వదిలెయ్ మే" అని తీర్పు చెప్పేసింది.

తర్వాత ఆ రెండు సినిమాలూ ఇంటిల్లిపాదీ చూశాం. 'ఈవిల్ డెడ్' అమెరికావాళ్ళ దెయ్యాల సినిమా. దాని మొదటి భాగం మీద బ్రిటన్‌లో పోలీసులు క్యాసెట్లు పట్టుకుని కోర్టుల్లో కేసులు పెట్టారు. మా నట్టింట్లో అవ్వ శనక్కాయలు ఒలుస్తూ, మధ్యమధ్య బొరుగులు నములుతూ చూసింది. ఇంగ్లీషు ఎవరికీ రాదు. చిన్నాయన పక్కన నిలబడి కథ చెప్పేవాడు. అడవిలో పాడుబడ్డ ఇంటి కింద గదిలో అయిదుగురు కాలేజీ పిల్లలకి ఒక పుస్తకమూ, టేపురికార్డరూ దొరుకుతాయి. ఆ టేపులో ఎవరో ప్రొఫెసరు చదివిన మంత్రాలకి దెయ్యాలు లేస్తాయి. చిన్నాయన దాన్ని "తాళపత్రాల గ్రంథం, మళయాళ మంత్రాలు" అని చెప్పాడు. అవ్వకి సరిపోయింది. "ఎవురింట్లోనో దూరి ఎవురి పుస్తకమో తీస్తే ఊరుకుంటారా? ఆ పిలకాయలకి పెద్దోళ్ళు లేరంటనా?" అంది. రెండో భాగం మొదలవ్వగానే, "మళ్ళీ అదే కథ చెప్తుండాడేంది?" అని అడిగింది. అది చాలా సరైన ప్రశ్న. రెండో భాగం మొదట్లో దర్శకుడు నిజంగానే మొదటి కథని మార్చి మళ్ళీ చెప్తాడు. హీరో చేతికి దెయ్యం పట్టి, అది వాడినే కొడుతుంటే రంపంతో కోసుకుంటాడు కదా, అక్కడ అవ్వ: "చేతికి పట్టింది, నోటికి పట్టలా. అదృష్టవంతుడే."

శుభ్రమైన ప్రింటు చూశాక తెలిసింది, మేము చూసిన సినిమాలో కొన్ని సీన్లే లేవు. మొదటి భాగంలో అడవిలో ఆడపిల్ల మీద చెట్లు చేసే అఘాయిత్యం మా కాపీలో లేదు. అక్కడ బొమ్మ ఒక్కసారి ఎగిరిపడి ముందుకు పోతుంది. ఇన్నాళ్ళూ టేపు తెగి అతికించారనుకున్నాను. కాదు. ఎక్కించేటప్పుడే చిన్నాయన పాజ్ నొక్కాడు. పొద్దున తన అమ్మ, చెల్లెలు, పిల్లలం చూస్తామని ఆయనకి తెలుసు. అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుని ఆయనే సెన్సారు బోర్డయ్యాడు. ఇలాంటి కోతలు రెండు భాగాల్లో కలిపి నాలుగైదు పట్టుకున్నాను.

ఇప్పుడు లెక్క చూడండి. టేపు 180 నిమిషాలు. మొదటి సినిమా 85, రెండోది 84. పదకొండు నిమిషాలు మిగలాలి. సినిమా అయిపోయి, తెర చీమలు పాకినట్టై, ఆ చీమల్లోంచి మా అత్త పెళ్ళి చివరి ముక్క లేస్తుంది. గడియారం పెట్టి చూశాను, పద్నాలుగు నిమిషాలుంది. టేపు కంపెనీవాళ్ళు కాస్త ఎక్కువ చుట్టి ఉండొచ్చు. కానీ చిన్నాయన కోసిన సీన్లే ఆ మూడు నిమిషాలని నేను నమ్ముతున్నాను.

ఆ పద్నాలుగు నిమిషాల్లో అప్పగింతలు. ముందంతా వీడియోవాడు కలిపిన పాట. చివరి రెండు నిమిషాలకి పాట అయిపోయి అక్కడి గోల వినపడుతుంది. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కారు దాకా వస్తుంది. తుడుచుకుంటూనే వెనక్కి తిరిగి ఎవరినో అడుగుతుంది: "ఆ గంగాళం ఎక్కించారా?" అవ్వ పోయింది 1996లో. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు, ఈ దెయ్యాల సినిమా వెనక తప్ప.

దొంగ సరుకు

ఒక ముల్లు ఉంది, దాచలేను. ఇదంతా దొంగ సరుకే. టెన్నెసీ అడవిలో చలికి వణుకుతూ, మొక్కజొన్న పాకంలో రంగు కలిపి రక్తం చేసుకుని ఆ సినిమా తీసిన కుర్రాళ్ళకి మా కోవూరు నుంచి ఒక్క పైసా పోలేదు. మన సినిమాలకీ అంతే. వీడియో పార్లర్ల వల్ల హాళ్ళు ఖాళీ అవుతున్నాయని అప్పట్లో సినిమావాళ్ళు మొత్తుకుంటుంటే మేము డెక్కు అద్దెకు తెచ్చుకుని రాత్రికి మూడు సినిమాలు చూశాం. కాబట్టి 'కాపీయే గొప్ప' అని నేనంటే ఆ కుర్రాళ్ళ మొహం చూసి అనలేను. సినిమా చూడాలంటే డబ్బిచ్చి శుభ్రమైన ప్రింటే చూడండి. అందులో మేనల్లుడితో నాకు తగువు లేదు.

నా తగువల్లా ఆ గోతంతోనే. శుభ్రమైన ప్రింటు దొరికిందని కాపీని పారెయ్యడం, పెద్ద బాలశిక్ష కొత్త ముద్రణ వచ్చిందని మార్జిన్లలో తాత రాసుకున్న అప్పుల లెక్కలున్న పాత పుస్తకాన్ని తూకానికి వేసినట్టుంటుంది. పుస్తకం బజార్లో దొరుకుతుంది. అప్పుల లెక్క దొరకదు.

నిజమే, అన్నీ ఇలాంటివి కావు. అరవైలో నలభై క్యాసెట్లలో సినిమా తప్ప ఏమీ లేదు. అరుగుదల లేదు, కోతలు లేవు, చివర్లో ఎవరూ లేవలేదు. వాటిని నేనే గోతంలో వేసి ఇచ్చేశాను. మేనల్లుడికి ఈ సంగతి ఫోన్లో చెప్తే, "ఇంతకీ నేను గెలిచినట్టేగా" అన్నాడు. మూడింట రెండొంతులు గెలిచావన్నాను.

సెల్లోటేపు

పసుపు లేబుల్ క్యాసెట్టు శుభ్రం చేస్తున్నప్పుడు ఒకటి కనబడింది. క్యాసెట్టు వెన్నుకి ఎడమవైపు చిన్న ప్లాస్టిక్ రేకు ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక ఆ క్యాసెట్టు మీద రికార్డు కాదు. పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు విరిచే ఇచ్చేవాళ్ళు. దీనికీ విరిచి ఉంది. ఆ గుంట మీద పసుపెక్కి ఎండిపోయిన సెల్లోటేపు ముక్క ఒకటి, నీటుగా కత్తిరించి అంటించి ఉంది.

ఖాళీ క్యాసెట్టుకి సెల్లోటేపు వెయ్యాల్సిన పనిలేదు.

నేనెవరికీ చెప్పలేదు. చిన్నాయనకిప్పుడు డెబ్బై దగ్గర పడింది. పోయిన ఆదివారం అత్త గూడూరు నుంచి వచ్చింది, ఆయనా వచ్చాడు. క్యాసెట్టు బాగైందని విని ఇద్దరూ కూర్చున్నారు. మేనల్లుడు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించడానికి వైర్లు తగిలించి, "ఆ చివరి ముక్క ఒక్కటే కోసి వేరే ఫైలు చేసేదా మామా?" అని అడిగాడు. కొయ్యొద్దన్నాను. అత్తకోసం చివరికి తిప్పబోతే ఆమె కూడా వద్దంది. "మొదట్నుంచి పెట్టు. అమ్మ ఏమేం అనిందో సినిమా చూస్తుంటే గుర్తొస్తాది."

చిన్నాయన మళ్ళీ కథ చెప్పడం మొదలుపెట్టాడు. మళయాళ మంత్రాల దాకా వచ్చాడు. అత్త క్యాసెట్టు ఖాళీ డబ్బా చేతిలో తిప్పుతూ లేబుల్ మీద కొట్టేసిన తన 'చి.ల.సౌ.' చదువుకుంటోంది. మొదటి సినిమా అయ్యాక టీ కోసం ఆపి, క్యాసెట్టు బయటికి తీసి బల్లమీద పెట్టాను. అత్త అదీ చేతిలోకి తీసుకుంది. వెన్ను వైపు తిప్పి, ఆ సెల్లోటేపు అంచుని గోటితో గీకి చూసింది.

"ఇదెవురేసిందన్నా?" అంది.

చిన్నాయన బొరుగుల పళ్ళెం ఆమె వైపు జరిపాడు. "తినమ్మా, మెత్తబడిపోతుండాయి."